ఊఁ అనకుండా తీసిన కొండ

మా కోవూరు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నిన్న పొద్దున ఒకాయన వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి ఫోటో పెట్టాడు. నలుపు తెలుపు ఫోటో, అంచులు పసుపు తిరిగిపోయాయి. వెనకాల పెద్ద కొండ, కొండ నెత్తిన వాన మబ్బు, మబ్బు సందులోంచి ఒక వెలుగు చార. ఇంకేముంది, గ్రూపంతా లేచి కూర్చుంది. ఒకరు ఊటీ అన్నారు. ఇంకొకరు కొడైకెనాల్ అన్నారు. "ఆ కాలంలోనే హనీమూనా!" అని ఒక అమ్మాయి కళ్ళల్లో గుండెలున్న బొమ్మలు వరసగా ఆరు పెట్టింది.

ఊటీయా, మీ మొహమా! ఆ పెళ్ళికొడుకు పెన్న దాటి నెల్లూరు పోయి సినిమా చూసి రావడమే గొప్ప. ఆయన నిలబడింది మా కోవూరు మెయిన్ రోడ్డు మీద, రైసు మిల్లుకు ఎదురుగా, మా అత్తావాళ్ళ ఫోటో స్టూడియోలో. వెనక ఉన్నది గుడ్డ మీద రంగులతో రాసిన కొండ. ఆ కొండకు అసలు కొండ ఒకటుంది. దాని మీది ఆ మబ్బు కింద నేను తడిసి ముద్దయ్యాను, వీపు మీద దెబ్బ కూడా తిన్నాను. నాకు తెలియదా!

ఆ స్టూడియో మా మేనత్త మొగుడిది. మా ఇల్లు దాని వెనకే. బడి లేకపోతే నా కాపురమంతా అక్కడే. ఒక పక్క మిల్లులో వడ్లు ఉడకబెట్టే వాసన, ఇంకో పక్క చీకటి గదిలోంచి ఫోటోలు కడిగే మందు వాసన. పుల్లగా, ఘాటుగా ముక్కులో గుచ్చేది. అత్త చీరకూ అదే వాసన, అత్త కలిపి పెట్టే అన్నం ముద్దకూ కొంచెం అదే వాసన. నాకేమో అది ఇష్టంగా ఉండేది.

మధ్యలో మూడు కాళ్ళ చెక్క కెమెరా. దాని మీద నల్లగుడ్డ. కెమెరాకు ఒక రబ్బరు గొట్టం, గొట్టం చివర నిమ్మకాయంత రబ్బరు బుర్ర. ఆ బుర్ర నొక్కితే బొమ్మ పడుతుంది. మామ కిటికీ పక్కన, కెమెరాకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడేవాడు. తెల్ల చొక్కా, చేతిలో రబ్బరు బుర్ర. "గడ్డం ఎత్తు. ఆఁ. అంత ఎత్తొద్దు, ఆకాశంలో ఏముండాది? నన్ను చూడు. రెడీ... ఊఁ!" అనేవాడు. బుర్ర నొక్కేవాడు. అత్త నల్లగుడ్డ కింద ఉండేది. వెలుతురు పడకుండా గుడ్డ పట్టుకోవడం ఆమె పని అని ఊరంతా అనుకునేది.

మామ చేతిలోది ఉత్త బుర్ర. దాని గొట్టం కిటికీ వెనక తెగిపోయి ఉండేది. మామకు అప్పటికి ఏడాది ముందు నుంచీ చేతులు వణుకుతున్నాయి. మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే సగం చొక్కా మీదే. అసలు బుర్ర నల్లగుడ్డ కింద అత్త గుప్పిట్లో ఉండేది. బొమ్మ సరిచూసేది ఆమె, నొక్కేది ఆమె, రాత్రికి కడిగేది ఆమె. మామ "ఊఁ" అంటే చాలు, ఆమె వేలు దానంతట అదే కదిలేది. ఈ సంగతి తెలిసింది ముగ్గురికి. నేను మూడోదాన్ని. ఎవరికైనా చెబితే నాలుక కోస్తానని బెదిరించి మామ ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చి స్టూడియో పెంకులు లేచిపోయాయి. గోడకున్న తెర తడిసి నాశనమైంది. దాని మీద రాజుల మేడ, పాలరాతి మెట్లు ఉండేవి. మెట్లన్నీ కారి నేల మీదికొచ్చాయి. ఉగాది వెళితే పెళ్ళిళ్ళు. తెర లేకుండా పెళ్ళి ఫోటో ఎట్టా? ఈసారి జనానికి మేడలు వద్దట, కొండలు కావాలట. సముద్రం దగ్గర్లోనే ఉండాది కదా, సముద్రం రాయిద్దామని మామ అంటే, మిల్లు గుమాస్తా నవ్వాడు. "ఎప్పుడూ చూసే నీళ్ళ ముందర నిలబడి ఫోటో ఎందుకన్నా? కొండ పెట్టు. చూసినోళ్ళు యాడికో పోయొచ్చినారు అనుకోవాల" అన్నాడు.

నాటకాల తెరలు రాసే ఆయన నెల్లూరు నుంచి వచ్చాడు. "సముద్రమంటే కళ్ళు మూసుకుని రాస్తా. కొండ నాకు చేతకాదు. ఎప్పుడూ దగ్గరగా చూసింది లేదు. మంచి ఫోటో చూపించండి, దించేస్తా" అని చెప్పి, మా అత్త పెట్టిన చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తిని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే గొడవ. పులుసులో కొత్త మామిడికాయ ముక్కలు వేసిన రోజు. ఆ ముక్క చీకుతూ నేను గడప మీద కూర్చుని ఉన్నాను. కొండ ఫోటో నేను తీసుకొస్తా అంది అత్త. మామ అన్నం కలిపే చెయ్యి ఆపాడు. ఆపినా వణుకుతూనే ఉంది.

"నేను ఊఁ అనకుండా నువ్వు ఒక్క బొమ్మన్నా తీసినావా ఇంతవరకూ?" అన్నాడు.

నిజమే మరి. తీయలేదు.

"కొండ సరిగ్గా పడితే?" అని అడిగింది అత్త.

"పడితే నేనే ఊరందరికీ చెప్తా. బొమ్మలు తీసేది నా పెళ్ళామని చెప్తా. ఈ ఉత్త బుర్ర తీసకపోయి పెన్నలో పారేస్తా."

"పడకపోతే?"

"పడకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు. గుడ్డ కిందే ఉండు."

"సరే" అంది అత్త. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. కానీ మజ్జిగ చెంబు కింద పెట్టిన తీరు చూసి నాకు భయమేసింది. ఈమె కొండను తీసుకురాకుండా ఇంటికి రాదు అనుకున్నాను.

తోడుగా నన్ను పంపించారు. తెల్లవారుజామునే మొదటి బస్సు. మామ తన చిన్న పెట్టె కెమెరా అత్త మెడలో వేశాడు. పైనుంచి తొంగి చూసి తీసేది. అందులో పన్నెండు బొమ్మలు. మొదటి బొమ్మ దేవుడికి, అది మా స్టూడియో మర్యాద. కొత్త రీలు వేస్తే ముందు దేవుడి పటం తీశాకే మనుషుల్ని తీసేవాళ్ళు. "ఎండ ఉత్తగా పడితే కొండ చప్పగా ఉంటాది. మబ్బు నీడ పడాల. మబ్బు కోసం కూర్చో" అని చెప్పాడు మామ. పందెం వేసిన మనిషి అంత జాగ్రత్తగా ఎందుకు చెప్పాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పోయేది పెంచలకోన, కొండల కిందుండే గుడి. దేవుడి చోటు కాబట్టి అత్త క్యారియర్ నిండా పులిహోర కలిపింది, నీచు వాసన తగలకూడదని మరీ మరీ చెప్పింది. నాకేమో ఎండు రొయ్యల పొడి లేకుండా ముద్ద దిగదు. ఒక పొట్లం కట్టి ఎక్కడ దాచాలో తెలియక కెమెరా సంచిలో అడుగున తోశాను. చూడండి, ఎంత తెలివి! నెల్లూరు బస్టాండులో వేడి పులిబొంగరాలు, అదే పుల్లటి దోసెపిండి పునుగులు, తిన్నాం. రాపూరు వైపు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ అటూ ఇటూ చూస్తూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నేను అప్పటిదాకా కొండ చూడలేదు. కోవూరు పిల్లకు తెలిసిన ఎత్తంటే కళ్ళంలో వడ్ల కుప్పే. బస్సు మలుపు తిరిగి వెలిగొండలు ఎదురుగా నిలబడేసరికి నోరు తెరిచేశాను. ఇంత పెద్దది ఇంత చిన్న పెట్టెలో ఎట్టా పడుతుంది అత్తా అంటే, "పడుతుంది. పడాల" అంది. పళ్ళు కొరికినట్టు అంది.

గుడి గోపురం మీద దేవుడి బొమ్మ అయింది. అది కూడా వెంటనే కాలేదు. అత్త పెట్టెలోకి తొంగి చూసింది, బటను మీద వేలు పెట్టింది, అట్టాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ నొక్కదే! కొంగలాగా వంగి నిలబడి ఉంది. తర్వాత తల ఎత్తకుండానే, "ఊఁ అనుమే" అంది నాతో.

"నేనా?"

"నువ్వే. వేలు కదలడం ల్యా."

అన్నాను. టక్ మంది. అది మా మొదటి బొమ్మ.

గుడి దాటి ఒక వాగు పక్కన పెద్ద బండ మీద చేరాం. వేప పూత వాసన, ఎండకు కాగిన రాళ్ళ వాసన. పక్షుల అరుపులు తప్ప చప్పుడు లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక కూడా లేదు. కూర్చున్నాం. నాకు ఆకలి. నేను ఊఁ అంటే గానీ బొమ్మ పడదని తెలిశాక నాకు కొమ్ములు మొలిచాయి. బొమ్మలు తొందరగా అయిపోతే తొందరగా అన్నం తినొచ్చు కదా అని లెక్క వేసుకున్నాను. ఆమె వంగి చూసినప్పుడల్లా ఊఁ అన్నాను. టక్, టక్, టక్, టక్. నాలుగు అయిపోయాయి.

అత్త తల ఎత్తి నన్ను చూసింది. "ఎందుకన్నావుమే?"

"ఆకలేస్తుండాది."

ఆ దెబ్బ ఇప్పటికీ వీపు మీద ఉన్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత మబ్బు కోసం కాపలా. మాకు వానంటే తూర్పు నుంచే. సముద్రం వైపు నల్లబడితే వడ్ల మీద పట్టాలు కప్పుతారు, ఆరేసిన బట్టలు లోపలికి తెస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అట్టాగే చూశాం. అందుకని ఇద్దరం కొండకు వీపులు పెట్టి, తూర్పు వైపు తిరిగి కూర్చున్నాం. కొండ ఫోటో తీయడానికి వచ్చి కొండ వైపు చూడకుండా కూర్చున్న వాళ్ళు మేమిద్దరమే అయ్యుంటాం. ఎంతసేపు చూసినా తూర్పున ఏమీ లేదు. ఉన్నట్టుండి మెడ మీద చల్లగాలి తగిలింది.

"ఏం తల్లా, అటు చూస్తా కూర్చున్నారు? చుట్టాలెవురన్నా వస్తుండారా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. గొర్రెలు మేపే తాత. తలమీద గోనెసంచి కప్పుకున్నాడు. పక్కన ఎర్ర కుక్క.

"మబ్బు కోసం తాతా" అంది అత్త.

తాత పకపకా నవ్వాడు. "ఆడేముండాది మట్టి! ఈడ వాన కొండెనక నుంచి దిగతాది. తిరిగి చూడండి."

తిరిగి చూస్తే కొండ సగం లేదు. పడమటి నుంచి మబ్బు కొండ నెత్తినెక్కి ఇవతలికి పొంగుతోంది, పొయ్యి మీద పాలు పొంగినట్టు. అత్త కెవ్వుమంది. "ఊఁ అను, ఊఁ అను!" అంది. అన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అనేలోపల కొండంతా తెల్లగా మూసుకుపోతోంది, కనపడుతోంది, మళ్ళీ మూసుకుపోతోంది. నేను అనే వేళకు ఎప్పుడూ మూసుకునే ఉంది. మూడు మిగిలాయి.

ఆ గాలిలో కెమెరా సంచి నోరు తెరుచుకుంది. కుక్క వాసన పట్టేసింది. ఒక్క దూకు! అత్త భుజం మీది సంచి పట్టుకుని లాగింది. అత్త వెల్లకిలా పడబోయి నిలదొక్కుకుంది. ఆ లాగులాటలో వేలు తగిలి ఒకటి పడింది. రీలు తిప్పి సర్దుకునేలోపల కుక్క మళ్ళీ దూకి ఇంకొకటి పడింది. పొట్లం చిరిగి రొయ్యల పొడి బండంతా రాలింది. అత్త ఆ పొడి వైపు చూసింది. నా వైపు చూసింది. ఈసారి కొట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొట్టినా బాగుండేది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఆకలికి కాదు.

"ఇంక ఒకటే ఉండాది" అంది.

అంతలో వాన. చినుకులు కాదు, దబదబా కొట్టింది. తాత మమ్మల్ని చూరులాగా వంగిన బండ కిందికి తోశాడు. అక్కడా జల్లు కొడుతోంది. అత్త ఏం చేసిందనుకున్నారు? క్యారియర్ మూత తీసి, పులిహోరంతా తాత తీసి పరిచిన గోనెసంచి మీద బోర్లించింది. గిన్నె తన పైట లోపలి వైపుతో తుడిచి తుడిచి, కెమెరాను అందులో పెట్టి, మూత పెట్టి, గుండెకు హత్తుకుని కూర్చుంది. మూడు జిల్లాలు కొట్టుకుపోయినా ఆ గిన్నె వదిలేది కాదు.

నేనూ తాతా గోనెసంచి మీది పులిహోర తిన్నాం. తాత, కుక్క తినగా చిరిగిన పొట్లంలో మిగిలిన రొయ్యల పొడి చిటికెడు తెచ్చి నా ముద్ద మీద వేశాడు. "దేవుడేమనుకోడు లేమ్మే. పిల్లదానివి" అన్నాడు. గోనెనార నోట్లో తగులుతోంది. అంత రుచిగల పులిహోర నేను మళ్ళీ తినలేదు.

అత్త తినలేదు. ఇంకో బస్సుకు పోదామన్నా కదల్లేదు. "ఇది అయితేనే పోయేది" అంది. ఎదురుగా తెల్లటి గోడలా వాన. ఆ గోడనే చూస్తూ కూర్చుంది.

నడినెత్తికి పొద్దు వచ్చే వేళకు వాన తగ్గింది. మబ్బు కొండ మీది నుంచి లేవలేదు గానీ ఎక్కడో సందు పడింది. ఒక వెలుగు చార పై నుంచి దిగి, కొండ పక్కనే పాకుతూ వస్తోంది. అది పాకిన చోటల్లా తడిసిన రాళ్ళు, చెట్లు ఒక్కొక్కటీ లేచి నిలబడుతున్నాయి. తాత కూడా నమలడం ఆపాడు.

అత్త బండ కింద నుంచి బయటికి నడిచింది. గిన్నె మూత తీసింది. వంగి పెట్టెలోకి చూసింది. "అనుమే" అంది.

నా నోటి నిండా పులిహోర. మింగబోతే మిరపకాయ అడ్డం పడింది. పొలమారింది. దగ్గుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు, ఊఁ రావడం లేదు. వెలుగు పోతుందే, నా వల్లే పోతుందే అని రొమ్ము గుద్దుకుంటున్నాను.

టక్.

నేను దగ్గడం ఆపి చూశాను. ఆమె ఇంకా వంగే ఉంది. మెల్లగా నడుం ఎత్తింది. తన వేలి వైపు తానే చూసుకుంది.

"నేను అనలేదత్తా" అన్నాను.

"తెలుసు" అంది. గిన్నె అడుగున అంటుకున్న నాలుగు మెతుకులు గోటితో గీకి నోట్లో వేసుకుంది. కొండ దగ్గరికి వచ్చాక ఆమె తిన్నది అదే.

ఆ రాత్రే కడిగింది. చీకటి గదిలో ఎర్ర దీపం, పుల్లటి వాసన, మేము ముగ్గురం. మామ ఒక్కొక్కటే దీపానికి ఎత్తి చూశాడు. "ఇది దేవుడు. సరే. ఇదేంది? వడ్ల కుప్ప. ఇదీ వడ్ల కుప్పే. ఇది పాల చెంబు. ఇదేందబ్బా, కుక్క నోరా?" నవ్వుతూనే ఉన్నాడు. అత్త తలవంచుకుని పళ్ళెంలో కాగితం ఊపుతూనే ఉంది. చివరిది ఆ పళ్ళెంలో ఉంది. తెల్ల కాగితం మీద ముందు మబ్బు వచ్చింది, తర్వాత వెలుగు చార, తర్వాత దాని చుట్టూ కొండ.

మామ నవ్వు ఆగిపోయింది. పళ్ళెం మీదికి వంగి చూశాడు.

"నువ్వు ఊఁ అన్నావా పాపా?" అని నన్ను అడిగాడు.

అన్నానని చెబితే నాకూ కాస్త గొప్పే. ఆ వయసులో అంత ఆశ ఉంటుంది కదా! నోటి దాకా వచ్చింది. అత్త నా వైపు చూడలేదు, చెప్పొద్దు అనలేదు, చెప్పమనీ అనలేదు. "లేదు మామా. నాకు పొలమారింది. అత్తే నొక్కింది" అన్నాను.

మామ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత పది పదిహేను రోజులు పందెం మాట ఎవరూ ఎత్తలేదు. నాటకాల తెరల ఆయన ఆ ఫోటో చూసి కొండ దించాడు. మబ్బు తీసేద్దామా అని అడిగితే, ఉండనీ అంది అత్త. తెర గోడకెక్కింది. ఉత్త బుర్ర మాత్రం కిటికీ మీద అట్టాగే ఉంది. అత్త దాన్ని తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది. నాకు దాన్ని తీసి వీధిలో పారేయాలనిపించేది.

ఉగాది వెళ్ళాక మొదటి పెళ్ళి జంట వచ్చింది. వెంట ఇరవై మంది. పెళ్ళికూతురు నేల మీది నుంచి కళ్ళెత్తడం లేదు. అత్త నల్లగుడ్డ కిందికి వెళ్ళింది. మామ కిటికీ దగ్గర నిలబడి బుర్ర తీసుకున్నాడు. "గడ్డం ఎత్తమ్మా. నన్ను చూడు" అన్నాడు. ఆ పిల్ల ఎత్తలేదు. "రెడీ..." అన్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఊఁ రాలేదు. చూస్తే, మామ ఆ రబ్బరు బుర్ర వైపే చూస్తున్నాడు. చెయ్యి గజగజా వణుకుతోంది. ఇరవై మందీ చూస్తున్నారు. దాచుకోలేదు.

"ఇది ఉత్తదయ్యా" అన్నాడు. తెగిన గొట్టం ఎత్తి చూపించాడు. "నా చేతులు చెడిపోయి ఏడాదయింది. అప్పటి నుంచి మీ బొమ్మలన్నీ తీసింది ఈమె. ఆ కొండ తీసుకొచ్చింది కూడా ఈమే. బయటికి రా" అన్నాడు అత్తతో.

పెళ్ళికొడుకు తండ్రి లేచాడు. "ఆడమనిషి తీసేదేంది..." అంటుంటే, పెళ్ళికూతురి ముసలి జేజి అడ్డం పడింది. "మంచిదే కదా! మొగోణ్ణి చూడమంటే మా పిల్ల తలెట్టా ఎత్తుతాది? కూర్చోవయ్యా నువ్వు" అంది.

అత్త నల్లగుడ్డ తొలగించుకుని బయటికి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, మొహమంతా చెమట. కెమెరా పక్కనే, గాజు కన్నుకు ఆనుకుని నిలబడింది. అసలు బుర్ర చేతిలో అందరికీ కనపడేలా పట్టుకుంది. మామ పోయి చుట్టాల బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఆమె రెడీ అనలేదు, ఊఁ అనలేదు. "అమ్మాయ్" అని మాత్రం పిలిచింది. పెళ్ళికూతురు తలెత్తింది.

సాయంత్రం మామ నన్ను వెంటబెట్టుకుని పెన్న వంతెన దాకా నడిచాడు. వణికే చేత్తో విసిరితే ఆ బుర్ర నీళ్ళ దాకా పోలేదు, ఇసకలో పడింది. నేను దిగి పోయి మళ్ళీ విసిరి వచ్చాను.

మామా లేడు, అత్తా లేదు. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. తెర ఏమయిందో తెలియదు. నిన్న గ్రూపులో నేనింత రాయలేదు, ఎవరు చదువుతారు? ఆ ఫోటో పెట్టినాయనకు ఒక్క ముక్క పెట్టాను. నాయనా, కొండ సంగతి వదిలేయ్. మీ ఇంట్లో దానికంటే పాత ఫోటోలుంటే పక్కన పెట్టి చూడు, అందులో అందరూ పక్కకే చూస్తుంటారు, కిటికీ వైపు. ఇందులో మీ అమ్మ చూడు, సూటిగా నీ కళ్ళల్లోకి చూస్తోంది కదా. ఆమె చూస్తున్నది మా అత్తని.